పుర్రెకు మొలిచిన పళ్ళు

ఆషాఢ బహుళ అమావాస్య... మిట్టమధ్యాహ్నం!

మధ్యాహ్నమా అని నవ్వకండి. భూతప్రేత పిశాచాలకు అర్ధరాత్రి ఒక్కటే ముహూర్తమనుకోవడం మన అమాయకత్వం. మనిషి నీడ మనిషి కాళ్ళ కిందికే ముడుచుకుపోయే ఆ నడిపొద్దు కూడా వాటి సొమ్మే. పెద్దవాళ్ళు పసిపిల్లల్ని ఆ వేళ గడప దాటనివ్వనిది ఊరికే కాదు. పైగా ఆ రోజు సూర్యుడనేవాడు ఆకాశంలో లేనే లేడు. నాంపల్లి మీద కాలమేఘాలు గూడుకట్టి, పట్టపగలే దీపాలు పెట్టించాయి. స్టేషన్ షెడ్ల రేకుల కింద కాపురముండే గుడ్లగూబలు రాత్రయిందనుకుని బయటికొచ్చి, వికృత ఘూకారాలతో దిక్కులు పిక్కటిల్లేలా అరుస్తున్నాయి... దూరంగా ఉరుము... దాని వెంటే ఇంకో ఉరుము!

స్టేషన్ వెనక సందులో మూతబడిన పాత లాడ్జి ఒకటుంది. దాని పైఅంతస్తు గదిలోంచి ఒక చప్పుడు వస్తోంది. కర... కర... కర...

ఎలుక కాదు. తిరగలి కాదు. కుంకుమ చల్లిన నల్లగుడ్డ మీద ఆసీనమైన ఒక మానవ కపాలం... తన కింది దవడను పైదవడకేసి తనంతట తానే నూరుకుంటోంది!

ఆ చప్పుడు వింటూనే విజయ మెట్లెక్కుతోంది. ఇంకొకరైతే గుండె ఆగి పడిపోదురు. విజయకు మాత్రం భయం వేయలేదు. కుడిదవడ అరచేత్తో అదిమిపట్టుకుని ఎక్కుతున్న ఆ మనిషికి నొప్పి తప్ప లోకంలో మరొకటి తెలియడం లేదు.

ఆ నొప్పి సంగతి ముందు చెప్పాలి. చెప్పకపోతే, డిగ్రీ చదివిన మనిషి మంత్రగాడి గుమ్మం తొక్కిందేమిటని మీరు ఆమెను ఆడిపోసుకుంటారు.

విజయ అబిడ్స్‌లో చీరల దుకాణంలో పనిచేస్తుంది. భర్త భూపాల్ దుకాణాలకు సైన్‌బోర్డులు బిగించేవాడు. మెదక్ దిక్కు పల్లెవాళ్ళు. నాంపల్లిలో అమరేశ్వరరావు గారి ఇంట్లో పైపోర్షన్ కిరాయికి తీసుకుని, ఒకటో తరగతి చదివే కూతురు అనురాధతో ఏదో ఉన్నంతలో చల్లగా బతికేవారు. మొన్న చలికాలంలో ఒక పొద్దున సుల్తాన్ బజార్‌లో బోర్డు బిగిస్తూ భూపాల్ నిచ్చెన మీంచి పడ్డాడు. దవాఖానకు చేర్చేసరికే ప్రాణం పోయింది.

హైదరాబాదులో కిరాయికుండేవాళ్ళందరికీ తెలిసిన కట్టడి ఒకటుంది. ఊపిరున్నంతవరకే ఆ ఇల్లు మనది. శవాన్ని ఓనరు గడప తొక్కనివ్వడు. అమరేశ్వరరావు చెడ్డవాడేం కాదు, పాపం. దవాఖాన దగ్గరికి స్వయంగా వచ్చాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. బిడ్డ నిశ్చితార్థం పెట్టుకున్నామనీ, ఇంటికి మాత్రం తేవద్దనీ చేతులు జోడించి మరీ చెప్పాడు. విజయ సరే సార్ అంది. శవం దవాఖాన నుంచి నేరుగా శ్మశానానికి పోయింది.

భూపాల్ తల్లి లక్ష్మీనర్సమ్మ ఊరి నుంచి వచ్చేసరికి అంతా అయిపోయింది. ఆ ముసలమ్మ ఎవరనుకున్నారు? చుట్టుపట్టు పల్లెల్లో శోకం పెట్టడంలో పేరుమోసిన మనిషి. వాళ్ళ దిక్కున చావింట్లో ఆడవాళ్ళు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయినవాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, వాడి బతుకంతా రాగమెత్తి చెప్పుకుంటూ ఏడుస్తారు. అలా ఏడిస్తేనే పోయినవాడు పోయినట్టు. ఉన్నవాళ్ళు ఉన్నట్టు. ఆ సాయంత్రం లక్ష్మీనర్సమ్మ కోడలి మెడ పట్టుకుని నోరు తెరిచింది... కింద మెట్ల దగ్గర ఓనరు భార్య నిలబడి పైకి చూస్తోంది. విజయ అత్త నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"అత్తమ్మా, గీడ కాదు. ఇది కిరాయి ఇల్లు."

ముసలమ్మ నోరు మూసుకుంది. మళ్ళీ ఏడవలేదు. మాట్లాడడం కూడా దాదాపు మానేసింది. విజయ తన ఏడుపును పంటి బిగువున ఆపుకుంది. దినాలు కాగానే దుకాణానికి పోయి, నవ్వుమొహంతో చీరలు విప్పి చూపించింది. ఆ పళ్ళ బిగువు మళ్ళీ సడలలేదు.

మొదట పొద్దున్నే లేవగానే దవడ పట్టేసేది. తర్వాత వెనక దంతం సలపడం మొదలైంది. అక్కణ్ణుంచి చెవికి, చెవి నుంచి కణతకు పాకి, నొప్పి తలంతా కాపురం పెట్టింది. అన్నం నమలాలంటే ప్రాణం పోయినంత పని. అబిడ్స్‌లోనే ఉన్న డాక్టర్ శ్రీవిద్య ఎక్స్‌రే తీసి, పళ్ళన్నీ చూసి, దవడ కండరాన్ని వేళ్ళతో నొక్కింది. అక్కడ బండరాయిలా గట్టిపడి ఉంది. పన్ను పుచ్చలేదు, చీము పట్టలేదు. పళ్ళ అంచులు మాత్రం అరిగి చదునైపోయాయి.

"మీ పళ్ళకు ఏ రోగమూ లేదు విజయగారూ. నిద్రలో మీరే వాటిని నూరేస్తున్నారు."

మనసులో ఏదైనా బాధ పెట్టుకుంటే శరీరం దాన్ని ఇలా దవడ మీద తీర్చుకుంటుందని ఆ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఏమైనా ఉందా అని అడిగింది. ఏం లేదు మేడమ్ అంది విజయ. రాత్రి పళ్ళకు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ తొడుగు చేయించి ఇస్తే, కొన్నాళ్ళకే దాన్ని రెండు ముక్కలుగా కొరికి తెచ్చింది. డాక్టర్ ఆ ముక్కల్ని తిప్పి చూసింది. ఇంకా గట్టిది చేయిస్తాను గానీ, ఇది పళ్ళను కాపాడుతుందే తప్ప మిమ్మల్ని కాదు, ఎవరి దగ్గరైనా నోరు విప్పి మాట్లాడండి అని బతిమాలినట్టే చెప్పింది. విన్నదా? వినలేదు.

దుకాణంలో ఊడ్చే సమ్మక్క మాట మాత్రం విన్నది. ఆమెకూ కొడుకు పోయినప్పుడు ఇదే దవడ నొప్పి వచ్చిందట. నాంపల్లిలో బిచ్చయ్య అనే అతను చేయి పెడితే పోయిందట. ఇప్పుడు నొప్పీ లేదు, ఏమీ లేదు. మంచిగుంటది విజయమ్మా, ఏం తెల్వది అని చెబుతున్నప్పుడు సమ్మక్క మొహంలో గీత కదల్లేదు. విజయ దాన్ని సుఖమనుకుంది.

ఇదిగో, అందుకే ఆ మెట్లు!

గదిలో ధూపధూమం చీకటితో కలిసి సుళ్ళు తిరుగుతోంది. జిల్లేడు సమిధలు, నిమ్మకాయలు, నల్లకోడి ఈకలు... వాటి మధ్య కపాలానికి అభిముఖంగా కూర్చుని ఉన్నాడు బిచ్చయ్య. చిక్కి శల్యమైన శరీరం. జడలు కట్టిన జుట్టు. పెదవులు రెండూ నోట్లోకి పీల్చుకుపోయి, ముఖానికి అడుగున ఒక గీతలా మిగిలాయి. అతను మంత్రం చదవడం లేదు. అతని బదులు కపాలమే దవడ నూరుతోంది. కర... కర... అన్న ఆ లయలోనే ఏదో భీకర జపం సాగుతోంది!

ఏం కావాలని అతను అడగలేదు. విజయ దవడ వైపు చూసి తల ఊపాడు. పసుపు నీళ్ళలో నానిన తెల్లజిల్లేడు వేరు తీసి ఆమె పళ్ళ మధ్య పెట్టాడు.

"నొప్పి నీది గాదు బిడ్డా. నీ ఏడుపుది. అది నాకియ్యి. నీకు ఏం తెల్వకుంట జేస్త."

విజయ కళ్ళు మూసుకుని వేరును కొరికింది. తక్షణం కపాలం నూరడం ఆపేసింది... గదిలో గాలి స్తంభించింది... దంతం మూలం నుంచి ఏదో వేడిగా, తడిగా, దారపు పోగులా సాగుతూ ఆమె నోట్లోంచి బయటికి జారిపోయింది. పిడుగు ఎక్కడో దగ్గర్లోనే పడింది. కళ్ళు తెరిచేసరికి నొప్పి లేదు. ఇన్ని నెలల తర్వాత మొదటిసారి దవడ ఉన్నట్టే తెలియలేదు. ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

అతను పైసా అడగలేదు. ఒక నల్లగుడ్డ ఇచ్చి, పొద్దున్నే పళ్ళను దానితో తుడిచి, అంటిన తెల్లటి పొడిని వారం వారం తెచ్చివ్వమన్నాడు. నీ పండ్లే గదా, ఎట్లయినా రాలుతున్నయ్ అన్నాడు. నిజమే కదా అనుకుంది విజయ.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటారా? చల్లారిన టీలా గడిచాయి. వేడి టీ గొంతులో పోసుకున్నా అదీ చల్లగానే ఉండేది. చీర మడతలో ఉన్న గుండుసూది వేలికి దిగి రక్తం కారుతుంటే, చీరకు మరకవుతుందని కొనేవాళ్ళు కేకేసే వరకు ఆమెకు తెలియలేదు. నవ్వమంటే నవ్వేది. తిట్టినా నవ్వేది. ఒకరోజు ఇల్లు తుడవడానికి గుడ్డ కావాలని భూపాల్ నీలంచొక్కా చింపి నేల తుడుస్తుంటే, లక్ష్మీనర్సమ్మ వచ్చి ఆ ముక్కను ఆమె చేతిలోంచి తీసుకుంది. ఉతికి, ఆరేసి, మడతపెట్టి తన సంచిలో దాచుకుంది. విజయ ఇంకో గుడ్డ కోసం వెతుక్కుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. మెట్ల మీంచి జారిపడి మోకాలు చీరుకుపోయిన కూతుర్ని, గచ్చు కడిగినట్టు కడిగి పక్కన కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. అమ్మ ఏడవదు, నానమ్మ ఏడవదు, తానెలా ఏడుస్తుంది? అనురాధ పళ్ళు బిగించింది. అన్నం తగ్గించింది. బళ్ళో పిల్ల నోరు తెరవడం లేదని టీచర్ చెప్పి పంపింది. నిద్రలో పండ్లు కొరుకుతోందంటే కడుపులో నట్టలున్నాయేమోనని పక్కింటివాళ్ళు మందు తాపించమన్నారు. విజయ తాపించింది. పిల్ల దవడ దగ్గర చిన్న కండ ఉబ్బి, రాయిలా తగులుతోంది. అది చేతికి తగిలినా తల్లి మనసుకు తగల్లేదు.

ఇటు కపాలానికి పళ్ళు మొలుస్తున్నాయి!

విజయ పొడి, సమ్మక్క పొడి, ఇంకా ఈ నగరంలో ఎవరెవరో ఏడవలేక దవడలు బిగించుకున్నవాళ్ళ పొడి... అంతా ఆ బోసి దవడల్లో పోసి, నెత్తురు చుక్కలతో తడిపి, బిచ్చయ్య దాన్ని పంటలా పండిస్తున్నాడు. తెల్లగా నిగనిగలాడే దంతపంక్తి! వాటి కాంతిలో గది గోడలు పాలిపోయి కనిపించేవి. ముందు వరసలో ఒక్క ఖాళీ మిగిలింది. ఆ సంగతి అతను విజయకు దాచలేదు. దాచాల్సిన అవసరం ఏముంది? ఆమెలో భయపడేది ఏదీ మిగల్లేదు కదా. ఈ ఖాళీలోకి పాలపన్ను కావాలి. తండ్రి కోసం ఏడవని పిల్ల పాలపన్నే కావాలి. అది కూర్చుంటే ఈ పళ్ళన్నీ నా నోట్లోకొస్తాయి, నా మంత్రం నాకొస్తుంది, ఒక ఊరికి ఊరే బూడిదవుతుంది అన్నాడు.

"నీ పిల్ల నోరు మూతవడ్తది. మల్ల ఎన్నడు తెర్సుకోదు. బువ్వ పోదు, మాట రాదు. అయినా నీకేం అన్పియ్యది బిడ్డా. శ్రావణ అమాస నాడు తోల్కరా."

"ఔ. తోల్కొస్త," అంది విజయ.

తల్లండీ! నవమాసాలు మోసిన తల్లి! బేగం బజార్ నుంచి పప్పు తెమ్మంటే తెస్తానన్నంత మామూలుగా అన్నది. నొప్పి తీసేస్తానన్నవాడు ఏమేం తీసేశాడో చూడండి. ఇంటికెళ్ళి అదే మామూలు గొంతుతో అత్తకు చెప్పింది. అమావాస్య నాడు అనూకు బడి మాన్పిస్తాననీ, బిచ్చయ్య దగ్గర పన్ను తీయిస్తాననీ, ఆ తర్వాత పిల్ల మాట్లాడదనీ చెప్పి, బియ్యం ఏరడానికి కూర్చుంది.

లక్ష్మీనర్సమ్మ చేతిలోని చెంబు కిందపడింది. ఏ బిచ్చయ్య, వానికి పండ్లున్నయా అని అడిగింది. లేవంది విజయ. ముసలమ్మ గోడకు జారగిలబడి, నెలల మౌనాన్ని విడిచి మాట్లాడింది. ఆ బిచ్చయ్య వాళ్ళ ఊరివాడే. ఊళ్ళో వరసగా పశువులు పడిపోతే, బాణామతి చేస్తున్నాడని అతని మీద వేశారు. పళ్ళు లేని నోట మంత్రం పారదని వాళ్ళ నమ్మకం. చావడి ముందు స్తంభానికి కట్టేసి, పట్కారుతో ఒక్కొక్క పన్నూ పీకారు. ఊరంతా చుట్టూ నిలబడింది. కొత్తగా కాపురానికొచ్చిన లక్ష్మీనర్సమ్మ కూడా ఆ గుంపులో ఉంది.

"వానికి అప్పటికి ఏ మంత్రం తెల్వదు బిడ్డా. పండ్లు పీకినంకనే నేర్సిండు. పీకుతుంటే వాడు ఏడ్వలే, మొత్తుకోలే. మేమంత సూస్కుంట నిలవడ్డం."

పిల్లను తీసుకుపోవద్దని కోడలి చేతులు పట్టుకుంది. కాళ్ళు పట్టుకోబోయింది. విజయ ఆమెను మెల్లగా పక్కకు జరిపి, బియ్యంలో రాయి ఏరి పారేసింది.

శ్రావణ అమావాస్య... మళ్ళీ మిట్టమధ్యాహ్నం!

ఆ రోజు ప్రకృతే పిచ్చెత్తినట్టుంది. చాదర్‌ఘాట్ దిక్కు నుంచి నల్లటి మబ్బు గోడలా లేచి నాంపల్లి నెత్తిన విరుచుకుపడింది. ఝంఝామారుతం సందుల్లో పడి తడకల్నీ రేకుల్నీ పీకి విసురుతోంది. గుడ్లగూబలు లాడ్జి పిట్టగోడ మీద బారులు తీరి, రెప్ప వేయకుండా ఆ గది కిటికీనే చూస్తున్నాయి. లోపల హోమగుండంలో నీలిజ్వాల నిలువెత్తున లేచింది. కపాలం సకల దంతాలతో, ఒక్క ఖాళీతో, అట్టహాసం చేస్తున్నట్టు నోరు తెరిచి ఉంది...!

విజయ పద్మాసనం వేసి కూర్చుంది. ఒళ్ళో అనురాధ. తన రెండు చేతులతోనే పిల్ల తలను కదలకుండా పట్టుకుంది. ఆమె కళ్ళు తెరుచుకునే ఉన్నాయి, కనుపాపల్లో మాత్రం ఎవరూ లేరు. ఆమె పళ్ళు కపాలం లయకు తాళం వేస్తూ కర... కర... మంటున్నాయి. దయ్యం ఆవహించిన మనిషంటే అరుస్తుందనీ, జుట్టు విరబోసుకుని ఊగుతుందనీ అనుకుంటాం. విజయ బిర్రబిగిసి కూర్చుంది, అంతే. పిల్ల బెదిరి అమ్మ మొహంలోకి చూసింది. అక్కడేమీ దొరకలేదు.

బిచ్చయ్య పట్కారు చేతికి తీసుకున్నాడు. పిల్ల బిగించిన పెదవుల్ని బొటనవేలితో విడదీశాడు. పట్కారు కొసలు చిన్న పాలపన్నును తాకాయి.

అప్పుడు తలుపు తోసుకుని లక్ష్మీనర్సమ్మ లోపలికొచ్చింది. కోడలి వెనకే వానలో తడుస్తూ వచ్చి, గోడలు పట్టుకుని మెట్లెక్కి, రొప్పుతోంది. ఆమె వెనక, వారం పొడి ఇవ్వడానికొచ్చిన సమ్మక్క నల్లగుడ్డ మూటతో గుమ్మంలో నిలబడి ఉంది. బిచ్చయ్య తల తిప్పలేదు. అడుగు ముందుకేస్తే రక్తం కక్కుకుని చస్తావు ముసల్దానా అని గొణిగాడు. అతను చెయ్యి ఊపగానే ముసలమ్మ మోకాళ్ళు చచ్చుబడి, ఉన్నచోటే కూలబడింది. నీలిజ్వాల ఆమె చుట్టూ కంచె కట్టింది.

ఏం చేస్తుంది? ఒంట్లో సత్తువ లేదు, చేతిలో ఆయుధం లేదు, నోట మంత్రం లేదు. ఒక్కటే తెలుసు ఆమెకు. జుట్టు ముడి విప్పింది. అరచేతులు నేలకేసి కొట్టింది. నోరు తెరిచింది.

"ఓ కొడుకా... నా భూపాలా...! నిచ్చెనెక్కినోనివి నువ్వు దిగిరాకపోతివి కొడుకా... నీ పీనుగు ఇంటికి రాకపాయె, నీ మీద ఒక్క సుక్క రాలకపాయె... నీ పెండ్లాం నోరు మూస్కునె, నీ తల్లి నోరు మూస్కునె... దిక్కులేనోని లెక్క పోతివి కొడుకా... ఓ నా కొడుకా...!"

ఆ రాగం... ఎన్ని చావులు చూసిన గొంతో అది! ఉరుములు దాని కింద చిన్నబోయాయి. గోడలు దాటి, వాన దాటి, శ్మశానం దాటి అది భూపాల్‌ను వెతుక్కుంటూ పోయింది. బిచ్చయ్య పట్కారు పన్ను మీంచి జారింది. కపాలం లయ తప్పింది.

విజయకు మొదట నొప్పి వచ్చింది. అమ్మయ్యో, మామూలు నొప్పా అది! మంత్రగాడు దోచుకున్న నెలరోజుల నొప్పీ ఒక్కసారి వడ్డీతో తిరిగొచ్చినట్టు, దంతం నుంచి మాడు దాకా నిప్పుకణిక దించినట్టు. ఆమె ఇంకా గట్టిగా పళ్ళు బిగించింది. వెనక దంతం ఫట్‌మని నిలువునా చీలింది. ఆ చీలికతో దవడ సడలింది. ఒళ్ళో ఉన్నది అనూ అని ఆమెకు తెలిసింది. తాను పట్టుకున్నది అనూ తల అనీ, దేనికోసం పట్టుకుందో కూడా తెలిసింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నిన్ను ఇంటికి తేలేకపోతినయ్యా...!"

అంతే. ఆ ఒక్క మాటకు మంత్రం మూడొంతులు తెగిపోయింది. పిల్లను గుండెలకదుముకుని, నీలిజ్వాలలోంచే పాక్కుంటూ పోయి విజయ అత్త మెడ పట్టుకుంది. జ్వాల ఆమె చీర కొంగును కాల్చింది గానీ ఆమెను ఆపలేకపోయింది. ఒకరి మెడ ఒకరు పట్టుకుని అత్తాకోడళ్ళు శోకం పెట్టారు. గుమ్మంలో సమ్మక్క చేతిలోని మూట జారిపోయింది. ఆమె ఎప్పుడో మరిచిపోయిన కొడుకు పేరు పెట్టి కేక వేసి, గుండె బాదుకుంటూ కుప్పకూలింది.

కపాలం దవడ విరిగింది! పళ్ళు ఒక్కొక్కటే రాలి, రాలుతూనే పొడై, పొడి సుడిగాలై లేచింది. ఆ సుడిగాలి నిండా గొంతులు... మొగుళ్ళ కోసం, బిడ్డల కోసం, అమ్మానాన్నల కోసం ఏ ఇంట్లోనూ ఏడవనివ్వని ఏడుపులు... ఎవరెవరి నోట్లోనో ఇరుక్కున్న శోకాలన్నీ ఒక్కసారి వెళ్ళే దారి వెతుక్కున్నాయి. వాటికి యజమాని ఒక్కడే ఉన్నాడు అక్కడ. నాకియ్యి, నాకియ్యి అని అడిగి తీసుకున్నవాడు. అన్నీ అతని మీదికే పోయాయి.

బిచ్చయ్య రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. పెదవులు అదిమాడు. చిగుళ్ళు బిగించాడు. లాభమేముంది? దుఃఖాన్ని ఆపాలంటే మనిషికి కరిచిపట్టడానికి పళ్ళుండాలి. అతనికి ఒక్కటీ లేదు. ఆ బోసినోరు బార్లా తెరుచుకుంది... అందులోంచి నగరంలో సగం మంది ఏడ్చినంత ఏడుపు వెలువడింది! ఒళ్ళు విల్లులా వంగింది, కళ్ళు తేలేశాయి, నరాలు తెగిన చప్పుడు వినిపించింది. అన్ని గొంతులూ అయిపోయాక చిట్టచివర ఒక గొంతు మిగిలింది. అది పడుచువాడి గొంతు. స్తంభానికి కట్టేసి పళ్ళు పీకుతున్నప్పుడు అరవకుండా మింగిన అరుపు. నేనేం జేయలే, నన్నిడువుండ్రి అని మొత్తుకుంది ఆ గొంతు. దాని వెంటే ప్రాణం పోయింది. హోమగుండం చప్పున ఆరిపోయి, గదిలో మామూలు మధ్యాహ్నపు వెలుతురు పరుచుకుంది.

 లక్ష్మీనర్సమ్మ మెల్లగా ఆ శవం దగ్గరికి జరిగి, తెరిచి ఉన్న అతని కళ్ళు మూసింది. నీకు అన్యాయం జేసినం బిచ్చయ్యా అని, రాగం తీసే ఓపిక లేక, మామూలుగానే ఏడ్చింది.

విజయ కూతుర్ని ఎత్తుకుని మెట్లు దిగింది. వాన తెరిపి ఇచ్చింది. చీలిన దంతం లోపల నరం బయటపడి, ఊపిరి తీసుకున్నప్పుడల్లా చల్లగాలి తగిలి, నెత్తి దాకా జివ్వుమంటోంది. కాలిన కొంగు వాసన వస్తోంది. ఆటోల వాళ్ళు బురదలో బండ్లు నెడుతున్నారు. ఒక మూసిన దుకాణం అరుగు మీద కూర్చుని, ఆమె పిల్ల నోరు తెరిపించి చూసింది. పాలపన్ను ఉన్నచోటే ఉంది. కొద్దిగా కదులుతోంది, ఆ వయసు పిల్లలకు కదిలినట్టే.

అనురాధ అమ్మ చెంపల మీద తడిని వేలితో తాకి చూసింది. నాన్న పోయినప్పటి నుంచి ఆ పిల్ల అడగని మాట ఒకటుంది. ఎవరూ ఆమెకు చెప్పని మాట కూడా అదే.

"అమ్మా, నానకు ఏమైంది?"

"సచ్చిపోయిండు బిడ్డా. మల్ల రాడు."

 పిల్ల దవడ బిగుసుకోబోయింది. విజయ ఆ దవడ మీద అరచెయ్యి ఆనించి, ఇక్కడ ఎవరూ ఏమీ అనరని, గట్టిగా ఏడవమని చెప్పింది. నడిరోడ్డు మీద, వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తుండగా, అనురాధ నాన్నా అని పెద్దపెట్టున ఏడ్చింది. విజయ పంటి నొప్పితో కళ్ళు తిరుగుతుంటే, అట్లాగే కూర్చుని ఆ ఏడుపంతా విన్నది.